మైటరు రంపము: క్షేమముగాను నిక్కముగాను కోయు విధము

వడ్రంగి జీవనమంతయు అతని పది వ్రేళ్లమీద ఆధారపడి యున్నది. ఉలి పట్టుటకును, చిత్రిక పట్టుటకును, కొలబద్ద నానించి గీత గీయుటకును ఆ వ్రేళ్లే సాధనములు. ఒక్క బొటనవ్రేలు పోయినచో చేతి పట్టులో చాల భాగము పోవును. ఆ నష్టము పనివానితో ఆగక అతని కుటుంబమునకు గూడ తగులును. కావున పనిముట్టును వాడు విధము నేర్చుకొనుట పనితనమునకు ఎంత అవసరమో ఆరోగ్యమునకును అంత అవసరము.

పూర్వము పటముల చట్రములకును, ద్వారబంధముల చుట్టు వేయు పట్టీలకును మూలలు కలుపవలసి వచ్చినపుడు, గాడులు కోసిన చెక్కపెట్టెలో పట్టీ నుంచి చేతిరంపముతో 45 డిగ్రీల వాలున కోయుచుండిరి. నేడు పెక్కు చోట్ల ఆ పనిని విద్యుత్తుతో నడచు మైటరు రంపము చేయుచున్నది. చెక్కపనివారే గాక అల్యూమినియము కిటికీలు చేయువారును దీనిని వాడుదురు. ఇది పనిని తేలిక చేసినది. గాని దీని స్వభావము చేతిరంపపు స్వభావము కాదు. చేతిరంపము వ్రేలికి తగిలినచో నొప్పి తెలియగానే చేయి ఆగును, చేయి ఆగినచో రంపమును ఆగును. మోటారు రంపము అట్లు ఆగదు.

ఈ భేదమును అంకెలలో చూచుట మేలు. 255 మిల్లీమీటర్ల వ్యాసము గల బ్లేడు నిమిషమునకు 4,500 మార్లు తిరుగుచున్నదనుకొన్నచో, దాని అంచు సెకనుకు ఇంచుమించు 60 మీటర్ల, అనగా గంటకు 216 కిలోమీటర్ల వేగముతో పోవుచుండును. ఏదో తగిలినదని గ్రహించి చేతిని వెనుకకు తీయుటకు మనుష్యునకు సెకనులో ఐదవ వంతు కాలమైనను పట్టును. ఆ కొద్ది కాలములో బ్లేడు 15 చుట్లు తిరుగును. 60 పళ్ల బ్లేడైనచో 900 పళ్లు ఆ చోటును దాటిపోవును. అందుచేత “జాగ్రత్తగా చూచుకొని చేయి తీసివేయుదును” అను ధైర్యము ఈ యంత్రము ముందు పనికిరాదు. చేయి మొదటినుండియు బ్లేడు అందుకొనజాలని చోటనే యుండవలెను.

జాగ్రత్త పాటించినచో పని ఆలస్యమగునని కొందరు తలతురు. నిజమునకు ఈ రంపము విషయమున క్షేమమునకును నిక్కమైన కోతకును మూలము ఒక్కటే: చెక్క కదలకుండుట. కదలిన చెక్క వంకరగా తెగును. కదలిన చెక్కయే చేతిని బ్లేడు వైపునకు లాగును. ఈ సంగతి గ్రహించినవానికి క్రింది నియమములన్నియు సులభముగా జ్ఞాపకముండును.

యంత్రము, దాని భాగములు

చెక్క నుంచు సమతలమును బల్ల యందురు. పనివానికి ఎదురుగా, బల్ల వెనుక భాగమున నిలువుగా నుండు లోహపు అడ్డపలకను ఫెన్సు అందురు. చెక్క క్రిందిభాగము బల్లకును, వెనుకభాగము ఫెన్సుకును ఆనియుండవలెను. బల్ల నడుమ నున్న గుండ్రని భాగము కుడియెడమలకు తిరుగును. దాని అంచున డిగ్రీల గుర్తులుండును. మోటారును బ్లేడును గల తల భాగమును పిడి పట్టి క్రిందికి దించినచో కోత జరుగును. కొన్ని రంపములలో ఈ తల ముందు వెనుకలకు గూడ జరుగును. అట్టివానితో వెడల్పు పలకలను కోయవచ్చును.

బ్లేడును కప్పియుండు తొడుగు తల దిగునపుడు తనంత తాను పైకి తొలగి, తల లేచినపుడు మరల మూసికొనును. ఈ తొడుగు చూపునకు అడ్డమగుచున్నదని దానిని తీగతో కట్టివేయువారును, చీల తీసి పారవేయువారును కలరు. ఇంతకంటె అపాయకరమైన పని వేఱొకటి లేదు. యంత్రముల ప్రమాదకర భాగములకు కప్పు ఉండి తీరవలెనని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టపు 21వ సెక్షనులోనే విధింపబడినది. ఇంటి ముంగిట పనిచేయు వడ్రంగి యొద్దకు తనిఖీదారు రాకపోవచ్చును. గాని బ్లేడు ఫ్యాక్టరీలోను ముంగిటను ఒక్కటే విధముగ తిరుగును. పొట్టు పేరుకొని తొడుగు బిగిసినచో దానిని శుభ్రపరచి సరిచేయవలెను గాని తొలగింపరాదు.

పనిచేయు చోటు

ఇండ్లు కట్టుచోట్ల రంపమును నేలపై నుంచి, గొంతు కూర్చుండి, చెక్కను పాదముతో అదిమి కోయుట తరచుగా కానవచ్చును. అట్లు కూర్చున్నవాడు తూలినచో ఆనుకొనుటకు బ్లేడు తప్ప వేఱొకటి యుండదు; ముఖము సైతము బ్లేడునకు సమీపమున నుండును. రంపమును నడుము ఎత్తున, కదలని గట్టి బల్లపై బోల్టులతో బిగించి, నిలుచుండి పనిచేయవలెను. పొడవైన చెక్కల కొనలు వ్రేలాడకుండ ఇరుప్రక్కల బల్ల ఎత్తునకు సరియైన ఆనుడులు పెట్టవలెను. చెక్క కొన పట్టుకొనుటకు వేఱొక మనిషిని నిలుపుట మంచిది కాదు. అతడు ఏమాత్రము లాగినను చెక్క బ్లేడును నొక్కును.

వెలుతురు చాలినంత యుండవలెను. నేల తడిగా నుండరాదు. వానకాలమున తడి చేతులతో స్విచ్చు ముట్టరాదు. మూడు కాళ్ల ప్లగ్గును, ఎర్తు గల సాకెట్టును, అతుకులు లేని తీగను వాడవలెను. 30 మిల్లీ ఆంపియర్ల లీకేజికే విద్యుత్తును ఆపివేయు ఆర్‌సీసీబీ అను సాధనము సర్క్యూటునందున్నచో విద్యుద్ఘాతమునుండి రక్షణ హెచ్చగును. పని నడుమ కరెంటు పోయినచో వెంటనే మీటను వదలి, ప్లగ్గును తీసివేయవలెను. మీట నొక్కి యున్నచో కరెంటు తిరిగి వచ్చినపుడు బ్లేడు హఠాత్తుగా తిరుగ నారంభించును.

పిల్లలను ఆ సమీపమునకు రానీయరాదు. పని నేర్చుకొనుచున్న బాలురను ఈ యంత్రముపై నుంచరాదు. కల్లు, సారాయి త్రాగినవాడును, నిద్ర లేనివాడును, మత్తు కలిగించు మందులు పుచ్చుకొన్నవాడును ఆ దినమున దీనిని ముట్టకుండుటే మేలు.

ధరింపవలసినవి, ధరింపరానివి

తిరుగు బ్లేడు మొదట పట్టుకొనునది వ్రేలాడు దానినే. భుజముపై తువ్వాలు, జారు పంచె, విడిచిన చొక్కా చేతులు, మెడలోని గొలుసు, మణికట్టున కట్టిన దారము, గడియారము, ఉంగరము – వీనినన్నిటిని తీసివేయవలెను లేదా బిగించి కట్టుకొనవలెను. జుట్టు పొడవుగా నున్నచో ముడివేసి కప్పుకొనవలెను.

చేతితొడుగులు చేతిని కాపాడునని తోచును. ఈ యంత్రమువద్ద అది పొరపాటు. తొడుగు కొనను పళ్లు పట్టుకొన్నచో వ్రేలినే గాక చేతిని సైతము లోనికి లాగును. చెక్కలు మోయునపుడును బ్లేడు మార్చునపుడును తొడుగులు వాడి, కోయునపుడు తీసివేయవలెను.

కన్నులకు ప్రక్కలు మూసియున్న రక్షణ అద్దములు పెట్టుకొనవలెను. చూపు కొరకు వాడు కళ్లజోడు ఇందుకు చాలదు. పాదములకు చెప్పులు గాక మూసియున్న బూట్లు తొడుగవలెను.

బ్లేడు ఎన్నిక

బ్లేడుపై వ్రాసిన గరిష్ఠ వేగము యంత్రపు వేగమునకు సమానముగనో అంతకు మించియో యుండవలెను. ముతక కోతకు 24 నుండి 40 పళ్ల బ్లేడు చాలును. చట్రములకును పట్టీలకును 60 నుండి 80 పళ్ల బ్లేడు నున్నని కోత నిచ్చును. పళ్లు ముందునకు మిక్కిలి వాలియున్న బ్లేడు చెక్కను తనవైపునకు లాగుకొనును. కావున మైటరు రంపమునకు పళ్లు దాదాపు నిలువుగనో, కొంచెము వెనుకకు వాలియో యున్న బ్లేడే తగినది. అల్యూమినియమునకు దానికై చేసిన బ్లేడును వాడి, ముక్కను తప్పక క్లాంపుతో బిగింపవలెను.

మొండి బ్లేడు పదునైన బ్లేడుకంటె ప్రమాదకరము. అది కోయదు, నెట్టును. పనివాడు బలము ప్రయోగించును. బలమున్న చోట చేయి జారును. చెక్క మాడిన వాసన వచ్చినను, కోత అంచు నల్లబడినను బ్లేడు మార్చు సమయము వచ్చినదని గ్రహింపవలెను. బ్లేడు మార్చుటకు ముందు ప్లగ్గును ఊడదీయవలెను. స్విచ్చు ఆపినంత మాత్రమున చాలదు. రాయి, లోహము రాపిడి పట్టుటకు చేసిన గ్రైండరునకు పళ్ల బ్లేడు బిగించి చెక్క కోయుట కొన్నిచోట్ల వాడుకయైనది. ఆ పని ఎన్నడును చేయరాదు.

యంత్రమును సరిచూచుట

కోణము చూపు గుర్తులు రవాణాలోను వాడుకలోను తొలగిపోవచ్చును. వానిని సరిచూచుటకు సులభమైన పద్ధతి కలదు. అంచులు తిన్నగా నున్న ఒక వెడల్పు పలకను సున్న డిగ్రీల వద్ద రెండు ముక్కలుగా కోయవలెను. అందొక ముక్కను అడుగు మీదగునట్లు త్రిప్పి, రెండింటి పొడవైన అంచులను తిన్నని బద్ద కానించి, కోసిన కొనలను కలుపవలెను. సందు లేకున్నచో కోత లంబముగా నున్నది. సందున్నచో అచట కనబడు తప్పు అసలు తప్పునకు రెట్టింపు. కనుక దానిలో సగమే సవరింపవలెను. బ్లేడు బల్లకు నిలువుగా నున్నదా యనుట మూలమట్టముతో చూడవలెను. మూలమట్టమును పంటికి గాక బ్లేడు రేకున కానింపవలెను. ఈ పరీక్షలకు ముందును ప్లగ్గు తీసియుండవలెను.

ఇంత సూక్ష్మమెందుకను సందేహము కలుగవచ్చును. నాలుగు మూలల చట్రమునకు ఎనిమిది కోతలు కలవు. ప్రతి కోతలోను ఒకే వైపునకు అర డిగ్రీ తప్పున్నచో కడపటి మూలకు వచ్చుసరికి తప్పు 4 డిగ్రీలగును. 50 మిల్లీమీటర్ల వెడల్పు గల పట్టీలో అది ఇంచుమించు 5 మిల్లీమీటర్ల సందుగా తెరచుకొనును. ఆ సందును లప్పముతో కప్పవచ్చును గాని అతుకులో బలము రాదు. అట్టి సమయముననే పనివాడు “ఒక వెండ్రుకవాసి తీసివేయుదు”నని చేతిలో పట్టిన ముక్కను మరల మరల బ్లేడు వద్దకు కొనిపోవును. యంత్రమును ముందే సరిచూచుకొన్నచో ఆ అవసరమే రాదు.

కోణము, కొలత, గుర్తు

సమానమైన మూలలు గల చట్రమునకు రంపమును ఎన్ని డిగ్రీలకు త్రిప్పవలెనో తెలిసికొనుటకు 180ని భుజముల సంఖ్యచే భాగింపవలెను. నాలుగు భుజములకు 45, ఆరింటికి 30, ఎనిమిదింటికి 22.5 డిగ్రీలు వచ్చును. గోడల మూల సరిగా 90 డిగ్రీలు లేనపుడు ఆ మూలను కొలిచి, సగము చేసి, ఆ సగమును 90లో నుండి తీసివేయవలెను. మూల 92 డిగ్రీలైనచో సగము 46. కనుక రంపమును 44 డిగ్రీల వద్ద నిలుపవలెను.

బ్లేడు చెక్కలో రెండు మూడు మిల్లీమీటర్ల మందమును పొట్టు చేయును. గీత నడుమ కోసినచో ముక్క ఆమేరకు పొట్టియగును. గీతకు వెలుపల, విడిచివేయు భాగము వైపున బ్లేడు నుంచి, గీత ముక్కమీద మిగులునట్లు కోయవలెను. మొదట కొంచెము పొడవుగా కోసి, పిదప కొలతకు తెచ్చుట మంచి అలవాటు. పనికి ముందు పనికిరాని ముక్కలను రెండింటిని కోసి మూల కలిపి చూచినచో అసలు చెక్క వృథా కాదు.

చట్రమున ఎదురెదురు భుజములు సమానముగా నున్ననే మూలలు కలియును. అందుకై ప్రతి ముక్కను వేఱువేఱుగా కొలువక, తగిన దూరమున ఒక ఆపుడు చెక్కను బిగించి, ముక్కల కొనలను దాని కానించి కోయవలెను. చేతిచే గాని క్లాంపుచే గాని పట్టియున్న భాగమే ఈ ఆపుడునకు ఆనియుండవలెను. తెగి విడిపోవు ముక్కకు ఆవలి వైపున ఏ అడ్డును ఉండరాదు. ఉన్నచో ఆ ముక్క బ్లేడునకును అడ్డునకును నడుమ చిక్కుకొని వేగముగా ఎగిరిపడును.

చెక్కను నిలుపుట

బ్లేడు ముందు పళ్లు క్రిందికి దిగి, చెక్కను వెనుకనున్న ఫెన్సు వైపునకు నెట్టును. చెక్కకును ఫెన్సుకును నడుమ సందున్నచో చెక్క ఆ సందులోనికి హఠాత్తుగా జరుగును. దానితో చేయియు జరుగును. కావున ఫెన్సు ముందు పొట్టును గాని చిన్న ముక్కలను గాని నిలువనీయరాదు. వానిని బ్లేడు తిరుగుచుండగా చేతితో తీయరాదు. బ్లేడు పూర్తిగా ఆగిన పిమ్మట కుంచెతో ఊడ్వవలెను.

వంగిన చెక్కను దాని ఉబ్బెత్తు వైపు ఫెన్సుకు ఆనునట్లు, కోత పడుచోట సందు లేకుండునట్లు ఉంచవలెను. వేఱు విధముగ నుంచినచో కోత ముగియునపుడు రెండు భాగములును బ్లేడును బిగించును. గుండ్రని కఱ్ఱలు దొరలును. వానిని ‘వి’ ఆకారపు గాడిలో నుంచి బిగింపవలెను. పాత ఇండ్లనుండి తెచ్చిన చెక్కలలో మేకులున్నవేమో చూచి పెరికివేయవలెను.

చేయి బ్లేడునకు 15 సెంటీమీటర్ల లోపునకు రాకూడదు. బ్లేడునకు ఇరువైపుల ఈ దూరమున బల్లపై ఎఱ్ఱని గీతలు గీసికొన్నచో ఆ గీతలే హెచ్చరిక చేయుచుండును. చేయి ఆ గీత దాటక పట్టుటకు వీలులేని చిన్న ముక్కను చేతితో పట్టనే రాదు. క్లాంపుతో బిగింపవలెను, లేదా పొడవైన చెక్కనుండియే ఆ ముక్కను కోసికొనవలెను. చేతులను ఒకదానిమీదుగా ఒకదానిని అడ్డముగా చాపి పట్టుట ఎన్నడును తగదు.

కోత వరుస

1. బ్లేడును ఆగియున్న స్థితిలో దించి, అది గుర్తు ప్రక్కన సరిగా పడునో లేదో చూచి, తలను మరల ఎత్తవలెను.
2. చెక్కను బల్లకును ఫెన్సుకును ఆనించి బిగింపవలెను. నిలుచువాడు బ్లేడు తిన్నన గాక కొంచెము ప్రక్కగా నిలువవలెను.
3. మీట నొక్కి, బ్లేడు పూర్తి వేగమునకు వచ్చువరకు చెక్కకు తగులనీయరాదు.
4. తలను నిదానముగా, ఒకే తీరున దింపవలెను. ముందు వెనుకలకు జరుగు రంపమైనచో మొదట తలను తనవైపునకు లాగి, పిదప దించి, ఆపైన ఫెన్సు వైపునకు నెట్టుచు కోయవలెను. లాగుచు కోసినచో బ్లేడు చెక్కపై కెక్కి పనివాని మీదికి రాగలదు.
5. కోత ముగిసిన పిమ్మట తలను క్రిందనే యుంచి మీటను వదలవలెను. బ్లేడు పూర్తిగా ఆగిన తరువాతనే తలను ఎత్తవలెను.
6. ఆ తరువాతనే ముక్కలను తీయవలెను.

అయిదవ నియమమును తొందరలో మరచువారు పెక్కురు. తిరుగుచున్న బ్లేడును పైకెత్తినచో అది తెగిన ముక్కను తట్టి విసరును. కోసిన అంచును గూడ గీరి పాడుచేయును. కొలది సెకనుల ఓర్పు వ్రేలిని, కోతను రెండింటిని కాపాడును.

చెవులు, శ్వాస

గాయము కంటికి కనబడును. చెవుడును శ్వాసరోగమును కనబడక వచ్చును. ఈ రంపపు ధ్వని కోయునపుడు 100 డెసిబెల్లు దాటవచ్చును. దినమునకు ఎనిమిది గంటలు 85 డెసిబెల్లు వినికిడికి హద్దని ఎంచి, ప్రతి 3 డెసిబెల్లకు కాలమును సగము చేసినచో 100 డెసిబెల్ల వద్ద 15 నిమిషములే మిగులును. కావున చెవులకు ప్లగ్గులు గాని కప్పులు గాని పెట్టుకొనవలెను. దూది ఇందుకు చాలదు.

చెక్కపొడి ముక్కులోను సైనసులలోను క్యాన్సరు కలిగింపగలదని 1995లో అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధనా సంస్థ ప్రకటించిన సంపుటము నిర్ధారించినది. ప్లైవుడ్డు, ఎమ్‌డీఎఫ్ పలకలలోని జిగురు పెక్కింటిలో ఫార్మాల్డిహైడు కలదు; దానిని గూడ ఆ సంస్థ క్యాన్సరు కారకముల పట్టికలో చేర్చినది. ఆస్తమా, దగ్గు, చర్మపు దురద కూడ పొడివలన కలుగవచ్చును. కనుక గాలి ఆడుచోట పనిచేయవలెను. రంపమునకు పొడి సంచిని గాని పీల్చు యంత్రమును గాని తగిలింపవలెను. ఎన్95 వంటి ముసుగు ధరింపవలెను. ముక్కునకు కట్టిన రుమాలు సన్నని పొడిని ఆపదు. పొట్టును గాలిగొట్టముతో ఊదక, తడిగుడ్డతో తుడిచి తీయవలెను. పొట్టు చెంత బీడీ కాల్చుట అగ్నిని పిలుచుటయే.

గాయమైనచో

మొదట యంత్రము నాపి ప్లగ్గు తీయవలెను. గాయముపై శుభ్రమైన గుడ్డ నుంచి గట్టిగా అదిమి, చేతిని గుండెకంటె ఎత్తున నుంచవలెను. మాటిమాటికి గుడ్డ తీసి చూడక, కనీసము 10 నిమిషములు ఎడతెగక అదుమవలెను. గుడ్డ తడిసినచో దానిపైననే మఱియొకటి వేయవలెను. పసుపు, కాఫీపొడి, సున్నము, బూడిద మున్నగునవి గాయముపై వేయరాదు. అవి మురికిని చేర్చి వైద్యుని పనిని కష్టము చేయును. వ్రేలికి దారము బిగించి కట్టరాదు. వాపు రాకముందే ఉంగరము తీసివేయవలెను.

వ్రేలు తెగి వేఱైనచో దానిని వెదకి తీయవలెను. పైమురికిని శుభ్రమైన నీటితో మెల్లగా కడిగి, తడిపి పిండిన శుభ్రమైన గుడ్డలో చుట్టి, నీరు చొరని ప్లాస్టికు సంచిలో పెట్టి మూయవలెను. ఆ సంచిని మంచుముక్కలు కలిపిన నీరున్న గిన్నెలో నుంచవలెను. వ్రేలు మంచునకు నేరుగా తగులరాదు. తగిలినచో కణములు గడ్డకట్టి చెడును. నీటిలోను నానవేయరాదు. ఇట్లు భద్రపరచి త్వరగా చేర్చిన వ్రేలిని శస్త్రవైద్యులు తిరిగి అతుకగల సందర్భములు కలవు. 108కి గాని 112కి గాని ఫోను చేసి, శస్త్రచికిత్సకు వసతి గల ఆసుపత్రికి రోగిని, వ్రేలిని కలిపి కొనిపోవలెను. మత్తుమందు ఇయ్యవలసి రావచ్చును గాన మార్గమున ఆహారము గాని పానీయము గాని ఇయ్యరాదు. గాయము చిన్నదైనను ధనుర్వాతపు టీకా విషయము వైద్యుని అడుగవలెను.

కంటిలో చెక్కముక్క గ్రుచ్చుకొన్నచో పెరుకరాదు, నలుపరాదు. కంటిని నొక్కకుండ కప్పి వైద్యుని యొద్దకు వెంటనే పోవలెను.

గుర్తుంచుకొనవలసినవి

తొడుగు కట్టివేయరాదు. చేయి 15 సెంటీమీటర్ల గీత దాటరాదు. చేతికందని చిన్న ముక్కకు క్లాంపు వాడవలెను. బ్లేడు పూర్తి వేగమునకు వచ్చిన తరువాత దింపి, పూర్తిగా ఆగిన తరువాత ఎత్తవలెను. దేనిని సవరింపవలెనన్నను ముందు ప్లగ్గు తీయవలెను. కన్ను, చెవి, ముక్కు ఈ మూటిని కప్పుకొనవలెను.

ఈ నియమములు పని చేయించు మేస్త్రీకిని ఇంటి యజమానికిని గూడ వర్తించును. క్లాంపు, అద్దములు, ముసుగు కొనుటకు అగు వ్యయము స్వల్పము. ఆ సాధనములు సమకూర్చి, తొందరపెట్టక పని చేయించుకొనువాడు తిన్నని మూలలు గల తలుపును పొందును. దానిని చేసిన వడ్రంగి పది వ్రేళ్లతో ఇల్లు చేరును.